శంఖం వినబడుతుంది, మాట వినబడదు

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత ఉంది. ఆ సామెత పుట్టించినవాళ్ళకి తెలిసింది ఒక్క రకం చెవుడే అయ్యుండాలి, ఏ చప్పుడూ చెవిన పడని చెవుడు. పాతికేళ్ళు జూట్ మగ్గాల మధ్య పనిచేసి రిటైరైన మనిషి ముందు శంఖం ఊది చూడండి, సామెత తలకిందులవుతుంది. శంఖం ఆయనకి శుభ్రంగా వినబడుతుంది. డప్పు వినబడుతుంది, లారీ హారన్ వినబడుతుంది. పక్కన కూర్చుని మనవరాలు చెప్పే మాట మాత్రం తెలీదు. గొంతు చెవిన పడుతుంది, ఆ గొంతు ఏమంటోందో అందదు. "ఏటీ?" అంటాడు. మళ్ళీ "ఏటీ?" అంటాడు. మూడోసారికి అర్థమైనట్టు తలూపి ఊరుకుంటాడు.

ఈ చెవుడికి ఒక చరిత్ర ఉంది. అది కొంత ప్రయోగశాలల్లో, కొంత మిల్లుల్లో జరిగింది. ఈ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వందేళ్ళ పైన పట్టింది. ఆ కథ చెప్పడానికి నెల్లిమర్ల దగ్గర మొదలుపెడతాను.

విజయనగరం దాటి పలాస వైపు వెళ్తుంటే రైలు ఆగే ఊరు నెల్లిమర్ల. పక్కన చంపావతి నది. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది బ్రిటిష్ కాలం నాటి జూట్ మిల్లు. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల్లో పండే గోగు ఈ పరిశ్రమకి ఆసరా. పేపర్లో నెల్లిమర్ల మిల్లు కనబడేది లాకౌట్ పెట్టినప్పుడు, లాకౌట్ ఎత్తేసినప్పుడు, బకాయిల కోసం కార్మికులు రోడ్డెక్కినప్పుడు. 1994 జనవరిలో అక్కడ కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉత్తరాంధ్ర కార్మికోద్యమం ఆ తేదీని ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా.

తుపాకి చప్పుడు చరిత్రకెక్కింది. రోజుకి మూడు షిఫ్టులు మోగే మగ్గం చప్పుడు ఎక్కలేదు. ఎవరో కావాలని దాచిపెట్టారని కాదు. మన ఇంద్రియాలు మార్పుని పట్టుకుంటాయి, మారకుండా ఉన్నదాన్ని వదిలేస్తాయి. మనం రాసుకునే చరిత్ర కూడా చాలామటుకు అదే పద్ధతిలో నడుస్తుంది.

ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి. గోగు కోసిన రోజుల్లో కట్టలు చెరువులో ఊరేస్తారు. కాడ కుళ్ళితేగానీ నార ఊడిరాదు. ఆ దారిన పోయే కొత్తవాడికి ముక్కు బద్దలయ్యే కంపు. నీళ్ళల్లోకి దిగి నార తీసేవాడికి కాసేపటికి ఆ కంపు తెలియదు. గాలిలో కంపు అంతే ఉంది, ముక్కు చెప్పడం మానేసింది. వాసన పట్టే కణాలు ఒకే సంకేతాన్ని పదేపదే పైకి పంపవు. కొత్తది వస్తేనే పంపుతాయి. మానసిక శాస్త్రంలో దీన్ని ఇంద్రియ అనుసరణ అంటారు. మన భాషలో దీనికి మాట ఒకటే, అలవాటు.

ఇంద్రియాలని కొలవొచ్చని మొదట గట్టిగా చూపించినవాళ్ళు జర్మనీలో లైప్జిగ్ ప్రొఫెసర్లు. ఎర్నెస్ట్ వేబర్ 1834లో స్పర్శ మీద రాసిన పుస్తకంలో చేతికి బరువులిచ్చి చేసిన ప్రయోగాలున్నాయి. చేతిలో ఎంత బరువుందో దానికి ఒక నిష్పత్తిలో పెరిగితేనే పెరిగినట్టు మనిషికి తెలుస్తుంది. పావుకిలోకి చిన్న బాట్ తోడైతే పట్టేస్తాం. పదికిలోల బస్తాకి అదే బాట్ తోడైతే గమనించం. గుస్తావ్ ఫెక్నర్ 1860లో దీన్ని సూత్రం చేశాడు. బయటి శక్తి రెట్లలో పెరుగుతుంటే లోపలి అనుభూతి మెట్లలో పెరుగుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఇది లాగరిథం.

1920లలో అమెరికాలో బెల్ టెలిఫోన్ ఇంజినీర్లు తీగల్లో సంకేతం ఎంత తగ్గుతోందో చెప్పడానికి తయారుచేసుకున్న డెసిబెల్ కూడా లాగరిథమే. చెవి తీరుకి అది బాగా సరిపోయింది. అందులోనే ఒక చిక్కుంది. 90 డెసిబెల్స్ నుంచి 100కి వెళ్తే చెవిలోకి వచ్చే శక్తి పది రెట్లవుతుంది. మనిషికి మాత్రం చప్పుడు సుమారుగా రెండింతలైనట్టే తోస్తుంది. అనుభూతి చెప్పే లెక్కకీ శరీరం మీద పడే లెక్కకీ ఐదు రెట్ల తేడా. అందుకే జాగ్రత్తపరులు వేసే లెక్క ఇలా ఉంటుంది: 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం కావాలి. ఆ లెక్కన 100 దగ్గర పావుగంట. మన ఫ్యాక్టరీ నిబంధనలు ఇంకాస్త ఉదారంగా 8 గంటలకి 90 అంటాయి.

పాతకాలపు జూట్ మగ్గాల షెడ్డు సుమారు 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. షటిల్‌ని ఒక కర్ర కొడుతుంది, అది ఇటు నుంచి అటు దూసుకెళ్ళి పెట్టెలో గుద్దుకుంటుంది, అటు నుంచి మళ్ళీ ఇటు. నిమిషానికి వందకు పైగా దెబ్బలు. అలాంటి మగ్గాలు వరసలు వరసలుగా ఒకే కప్పు కింద ఉంటాయి.

ఈ దెబ్బలన్నీ పడేది చెవి లోపల నత్తగుల్లలాంటి ఎముకలో ఉండే సన్నటి కేశ కణాల మీద. ఒక్కో చెవిలో ఇవి పదిహేను వేల చిల్లర. కోడి పిల్లకి పోతే మళ్ళీ మొలుస్తాయి, మనిషికి మొలవవు. నత్తగుల్ల మొదట్లో ఉన్నవి సన్నని స్వరాలని, లోపలి కొసన ఉన్నవి బొంగురు స్వరాలని పట్టుకుంటాయి. శబ్దం లోపల అలలా ప్రయాణిస్తుందని చూపించిన బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది. మిల్లు మోతకి ముందు రాలిపోయేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల కణాలు. డప్పుకీ శంఖానికీ వాటితో పెద్దగా పని లేదు. మాటకి ఉంది.

ఇక్కడ 'అలవాటు' అన్న మాట మనల్ని మోసం చేస్తుంది. చెరువులో ముక్కుకి జరిగిందీ షెడ్డులో చెవికి జరిగేదీ ఒకటి కాదు. షెడ్డులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, మెదడు ఆ మోతని పట్టించుకోవడం మానేస్తుంది. కొత్తగా చేరినవాడు మొదటి వారం తలనొప్పితో ఇంటికి పోతాడు, నెల తిరిగేసరికి మామూలైపోతాడు. రెండోది, షిఫ్టు దిగేసరికి కేశ కణాలు సొమ్మసిల్లుతాయి. చెవుల్లో దూది పెట్టినట్టు, సన్నగా గుయ్యిమని మోత. రాత్రి పడుకుని లేస్తే చాలావరకు కోలుకుంటాయి. కొన్నాళ్ళకి కొన్ని కోలుకోవు. అప్పుడు మర్నాడు షెడ్డు నిన్నటంత గోలగా అనిపించదు. మొదటిది మనసు సర్దుకోవడం, రెండోది దెబ్బ తగలడం. మనిషి ఈ రెంటినీ కలిపి "అలవాటైపోయిందండీ" అంటాడు. దెబ్బ ముదిరేకొద్దీ ఫిర్యాదు తగ్గే జబ్బు ఇది.

దీన్ని వైద్యులు గమనించకపోలేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే ఇటలీలో రమజ్జీని వెనిస్ రాగిపనివాళ్ళు సుత్తి మోతకి చెవిటివాళ్ళవుతున్నారని రాశాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి డాక్టరు వందమంది బాయిలర్ పనివాళ్ళని కూర్చోబెట్టి, జేబు గడియారం టిక్‌టిక్ ఎంత దూరం నుంచి వినబడుతుందో కొలిచాడు. దాంతో ఆగలేదు. సభల్లో ఉపన్యాసం వినబడుతుందా అని కూడా అడిగాడు. నాకు ఆయన చేసిన పనిలో గొప్పగా కనిపించేది ఈ రెండో ప్రశ్నే. గడియారం వినకపోతే కొంప మునగదు. యూనియన్ మీటింగులో ఏం చెబుతున్నారో వినబడకపోతే మునుగుతుంది.

జూట్ మగ్గాల దగ్గరికి శాస్త్రం రావడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. అది వచ్చింది కూడా జూట్‌కి పుట్టిల్లయిన డండీకి. స్కాట్లండ్‌లోని ఈ రేవుపట్నం బెంగాల్ జనుముని యంత్రాల మీద వడికి ప్రపంచానికంతా గోనె సంచులు అమ్మింది. ఆ యంత్రాలే 1855లో కలకత్తా పక్కన రిష్రాలో దిగాయి. తర్వాత జూట్ మన తీరానికీ వచ్చి చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరు, గుంటూరుల్లో మిల్లులు లేచాయి. డండీలో మగ్గాల మీద పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళు. 1965లో టేలర్, ఆయన సహచరులు అక్కడి నేతకారుల మీద చేసిన పరిశీలన అచ్చయింది. ఆ షెడ్డుల్లో మగ్గాలు దశాబ్దాలుగా మారలేదు కాబట్టి మోత కూడా మారలేదు. ఏడాది అనుభవం ఉన్న అమ్మాయి, యాభై ఏళ్ళు చేసి దిగిపోయిన ముసలమ్మ, ఇద్దరూ విన్నది ఒకటే చప్పుడు. ప్రయోగశాలలో ఎవరూ పెట్టలేని ప్రయోగం అది, పేదరికం పెట్టింది.

వయసు వల్ల పోయే వినికిడిని లెక్కలో తీసేసి చూస్తే తేలింది ఇది: సన్నని స్వరాల దగ్గర జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం మొదటి పది పదిహేనేళ్ళలోనే జరిగిపోతుంది. మాటకి ఇంకా కీలకమైన 2000 హెర్ట్జ్ వైపు అది తర్వాత, ఇరవై పాతికేళ్ళు దాటాక పాకుతుంది. అంటే పాతికేళ్ళకి మిల్లులో చేరినవాడికి నలభై నిండేలోపు అసలు దెబ్బ తగిలేసింది. అతనికి అది తెలిసేది యాభై దాటాక. అప్పుడు ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అంటారు. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉంటే మిల్లు మీదకి నేరం పోదు, వయసు మీదకి పోతుంది.

అసలు పోయేది ఏమిటో తెలుగులోనే చూద్దాం. మనది అజంత భాష. మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చులు బలమైనవి, కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, కాబట్టి అవి మిగులుతాయి. మాటకీ మాటకీ తేడా చెప్పే హల్లులు, ముఖ్యంగా స, శ, చ, త, ప లాంటివి, సన్నగా, క్షణంలో వెళ్ళిపోతాయి. ఆయనకి వాక్యం నడక వినబడుతుంది, ప్రశ్నో కోపమో తెలుస్తుంది. కానీ పూత, కూత ఒక్కలాగే ఉంటాయి. తాడు, పాడు ఒక్కలాగే ఉంటాయి. సంత అంటే వంతో అంతో. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు అయితే మరీ కష్టం. అందుకే "మగాళ్ళు మాట్లాడితే వింటాడు, నేను మాట్లాడితే వినడు" అని ఇల్లాలు అనడంలో నిజం ఉంది. అది నిర్లక్ష్యం అనుకోవడంలో లేకపోవచ్చు.

ఇంకో నింద కూడా ఉంది. మెల్లగా చెబితే "ఏటీ?" అంటాడు, గట్టిగా చెబితే "అలా అరుస్తావేం?" అని కోప్పడతాడు. నాటకం ఆడుతున్నాడని ఇంట్లోవాళ్ళకి అనుమానం. కేశ కణాలు పోయిన చెవిలో వినబడకపోవడానికీ భరించలేకపోవడానికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. ఒక మెట్టు కింద నిశ్శబ్దం, రెండు మెట్లు పైన కేక. అమెరికన్ డాక్టరు ఫౌలర్ 1930లలో దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. మన ఇళ్ళల్లో దానికి ఇంకా పెట్టిన పేరు మొండితనం.

అయితే మనిషి ఊరుకోడు. షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు పనికిరాదు కాబట్టి పెదాలు చదవడం నేర్చుకుంటారు, చేతి సైగలు కనిపెడతారు. డండీ నేతకత్తెలకి ఇందులో పెద్ద పేరు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 'బ' శబ్దానికి 'గ' పలికే పెదాల వీడియో జతచేసి చూపిస్తే జనానికి 'ద' వినబడిందని నిరూపించారు. వినడంలో కన్ను భాగస్వామి అని పాఠ్యపుస్తకాలు అప్పట్నుంచి రాస్తున్నాయి. నేతపనివాళ్ళ బతుకు అంతకుముందు నుంచే ఆ భాగస్వామ్యం మీద నడిచింది. ప్రకృతి ఇక్కడ కాస్త దయ చూపించింది కూడా. చెవి కోల్పోయే ప, త తేడాని పెదాలు విప్పి చూపిస్తాయి. కొవిడ్ రోజుల్లో అందరం మాస్కులు పెట్టుకున్నాక కొంతమంది పెద్దవాళ్ళ చెవుడు ఒక్కసారిగా ముదిరినట్టు అనిపించింది గుర్తుందా? వాళ్ళ చెవులు మారలేదు. మన మూతులు కనబడలేదు. ఫోన్ కూడా అలాంటిదే. పాత ఫోన్ లైను 3400 హెర్ట్జ్ దాటినవన్నీ కోసేస్తుంది, పైగా మొహం ఉండదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో మనం ఫోన్ చేస్తే "బాగున్నాం, అమ్మకిస్తాను" అని తండ్రులు వెంటనే ఫోన్ ఇచ్చేయడం వెనక కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు.

ఇంతవరకు చెవి. ఇప్పుడు మనసు. 1972లో గ్లాస్, సింగర్ అనే ఇద్దరు అమెరికన్లు పట్టణాల రొద మీద తమ ప్రయోగాలన్నీ ఒక పుస్తకంగా వేశారు. రొదలో కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తే మనుషులు త్వరగానే సర్దుకుని బాగా చేశారు. తేడా బయటపడింది రొద ఆపేశాక. ఎప్పుడొస్తుందో తెలియని రొద విన్నవాళ్ళు తర్వాత ఇచ్చిన చిక్కు ప్రశ్నల దగ్గర తొందరగా చేతులెత్తేశారు, ప్రూఫులు దిద్దమంటే ఎక్కువ తప్పులు వదిలేశారు. సర్దుకుపోవడానికి అయిన ఖర్చు తర్వాత వసూలైంది. ఇంకొంతమందికి ఒక మీట ఇచ్చి, "భరించలేకపోతే నొక్కండి, రొద ఆగుతుంది, నొక్కకపోతే మాకు సంతోషం" అన్నారు. వాళ్ళు నొక్కలేదు. విన్న రొద అంతే. కానీ తర్వాత వాళ్ళకి ఆ అలసట చాలావరకు లేదు. ఆపగలను అన్న నమ్మకమే సగం మందు.

ఓపెన్ ఆఫీసులో నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కోడ్ రాసుకునే నాలాంటివాళ్ళ దగ్గర ఆ మీట ఉంది, అదీ జీతం డబ్బుతో కొనుక్కున్న మీట. మగ్గం దగ్గర నిలబడ్డవాడి దగ్గర లేదు. లాకౌట్‌తో నడిచే ఊళ్ళో మీట యజమాని చేతిలో ఉంటుంది. అది నొక్కినప్పుడు చప్పుడుతో పాటు కూలీ కూడా ఆగుతుంది. అందుకే మిల్లు ఊళ్ళల్లో మోతని 'గోల' అని ఎవరూ అనరు. మిల్లు మోగుతోందంటే పొయ్యి వెలుగుతోందని అర్థం. నిశ్శబ్దమే భయం. శబ్దం మంచిదో చెడ్డదో చెవి నిర్ణయించదు, అది ఎవరికేం తెచ్చిపెడుతుందో దాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఇది అర్థం కాకుండా "వీళ్ళు ఇయర్ ప్లగ్గులు ఎందుకు పెట్టుకోరు?" అని అడగడం తేలిక.

చట్టంలో ఈ చెవుడికి చోటుంది. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో మోత వల్ల వచ్చే వినికిడి నష్టాన్ని చేర్చారు. ఈఎస్‌ఐ చట్టం జాబితాలోనూ చేర్చారు. అంటే ఇది పరిహారం దక్కాల్సిన గాయమని రాజ్యం ఒప్పుకుంది. కానీ చట్టం కదలాలంటే ఒకడు వచ్చి నాకు దెబ్బ తగిలిందని చెప్పాలి. తగిలినట్టు తెలియకపోవడమే ఈ దెబ్బ లక్షణం. కాబట్టి దీన్ని మనిషి ఫిర్యాదుకి వదిలేయకూడదు. పనిలో చేరిన రోజు ఒక ఆడియోగ్రామ్, ఆ తర్వాత ఏటా ఒకటి తీసి పక్కపక్కన పెట్టాలి. అదీ షిఫ్టు దిగిన వెంటనే కాదు, చెవికి ఒక రాత్రి విశ్రాంతి ఇచ్చాక. మనిషి గమనించలేని మార్పుని ఆ రెండు కాగితాల మధ్య తేడా గమనిస్తుంది.

నెల్లిమర్ల నుంచి విజయనగరానికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. చెవి అనగానే ఆ ఊరు తల్చుకునేది వేరే చరిత్ర. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. చూపు సరిగ్గా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్‌కి అక్కడే గురువయ్యాడు. కన్ను తగ్గినా చెవి ఎంత ఎత్తుకి వెళ్ళగలదో చెప్పే ఆ కథని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. చెవి తగ్గినవాడు కన్నుతో ఎలా నెట్టుకొచ్చాడో చెప్పే కథ కూడా ఈ జిల్లాదే. దాన్ని చెప్పుకోవడానికి మనకి పెద్దగా మాటలు కూడా లేవు. ఒక కథ నచ్చితే కళ్ళకు కట్టినట్టు రాశారంటాం. చెవికి కట్టినట్టు అనం. కార్మికుడి ఆకలి, అప్పు, జెండా మన సాహిత్యంలో కనబడతాయి. అతను ఎనిమిది గంటలు నిలబడ్డ చప్పుడు తక్కువగా వినబడుతుంది.

ఆ మనిషి ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఆయనతో మాట్లాడాలనుకుంటే అరవక్కర్లేదు, అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు కావు. టీవీ కట్టేసి, వెలుతురు మన మొహం మీద పడేలా ఎదురుగా కూర్చుని, కాస్త నిదానంగా చెబితే చాలావరకు అందుతుంది. ఈసారి "అలవాటైపోయింది" అని ఎవరైనా అంటే, అలవాటైంది మనసుకా, చెవికా అని అడగండి.